తెరమీది సైనిక శిక్షణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పేరున్న నటులను, క్రీడాకారులను, గాయకులను సైనిక శిక్షణ వంటి కఠిన పరీక్షలకు గురిచేసే రియాలిటీ షోల గురించి పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. బ్రిటన్‌లో ఛానెల్ 4 సంస్థ 2015లో ప్రారంభించిన 'ఎస్‌ఏఎస్: హూ డేర్స్ విన్స్' (ఎస్‌ఏఎస్ అంటే బ్రిటిష్ సైన్యంలోని ఒక ప్రత్యేక దళం, 'హూ డేర్స్ విన్స్' దాని నినాదం), 2019 నుంచి ప్రముఖులతో తీస్తున్న దాని మరో రూపం, 2020లో మొదలైన 'ఎస్‌ఏఎస్ ఆస్ట్రేలియా', అమెరికాలో ఫాక్స్ ఛానెల్ 2023 జనవరి నుంచి ప్రసారం చేస్తున్న 'స్పెషల్ ఫోర్సెస్: వరల్డ్స్ టఫెస్ట్ టెస్ట్' ఈ ఉత్తరాలలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, కొన్నింటికి విపులంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఈ కార్యక్రమాలలో కనిపించేది నిజమైన శిక్షణేనా, లేక కెమెరా కోసం అల్లిన నాటకమా? హెలికాప్టర్ నుంచి వెనక్కి వాలి నీళ్లలో పడటం, గడ్డకట్టే చలిలో మునగడం చూస్తుంటే నాకు నటనలా అనిపించదు. మా నాన్నగారు మాత్రం అంతా ఉత్తిదేనని కొట్టిపారేస్తున్నారు. (ఒక కళాశాల విద్యార్థిని)

జవాబు: మీ మాటలోనూ, మీ నాన్నగారి మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ కార్యక్రమాలలో శరీరానికి జరిగేది నటన కాదు. చన్నీళ్లలో పడిన మనిషికి ఊపిరి ఎగదన్నడం, నిద్ర చాలక చిన్న ఆదేశం కూడా బుర్రకు ఎక్కకపోవడం, లోతు చూడగానే కాళ్లు బిగుసుకుపోవడం, ఇవి ఎంత గొప్ప నటులైనా గంటల తరబడి అభినయించగలిగినవి కావు. గద్దించే శిక్షకులు కూడా వేషం కట్టినవారు కారు. బ్రిటిష్ కార్యక్రమంలో ఏళ్ల తరబడి కనిపిస్తున్న మార్క్ బిల్లింగ్‌హామ్ ఎస్‌ఏఎస్ దళంలోనూ, జేసన్ ఫాక్స్ బ్రిటిష్ నౌకాదళపు ప్రత్యేక దళమైన ఎస్‌బీఎస్‌లోనూ పనిచేసినవారు. అమెరికా కార్యక్రమంలో వారి పక్కన నిలిచిన రెమీ అడెలెకె ఒకప్పటి నేవీ సీల్, అంటే అమెరికా నౌకాదళపు ప్రత్యేక దళ సైనికుడు. మరో శిక్షకుడు రూడీ రేయెస్ మెరైన్ దళంలో పనిచేసిన తరువాత, ఇరాక్ యుద్ధంపై 2008లో వచ్చిన ఒక టెలివిజన్ సిరీస్‌లో తన పాత్రను తానే పోషించారు కాబట్టి, మీ నాన్నగారు పట్టుబడితే ఆయన ఒక్కరిని నటుల జాబితాలో వేయవచ్చు. పాల్గొనేవారిని పేరుతో కాక చేతి పట్టీ మీది అంకెతో పిలవడం, శిక్షకుడిని 'స్టాఫ్' అని సంబోధించడం, తన వల్ల కాదనుకున్న మనిషి ఆ మాట తానే చెప్పి తప్పుకోవడం సైన్యం నుంచి తెచ్చుకున్న పద్ధతులే.

అయితే ఎస్‌ఏఎస్ దళంలో జరిగే అసలు ఎంపికకు, తెరమీద కనిపించేదానికి పోలిక చాలా తక్కువ. 1941లో డేవిడ్ స్టిర్లింగ్ ఈజిప్టులో స్థాపించిన ఎస్‌ఏఎస్ దళానికి నేడు జరిగే ఎంపిక సుమారు ఐదు నెలలు సాగుతుంది. అందులో తొలి దశ వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండలలో జరుగుతుంది. 886 మీటర్ల ఎత్తున్న పెన్ ఎ ఫాన్ శిఖరాన్ని దాటుతూ సుమారు 24 కిలోమీటర్లు బరువు మోస్తూ నడవడం అక్కడ ఆరంభ పరీక్ష మాత్రమే. ఆ దశ చివర వచ్చే నడకలో ఇరవై ఐదు కిలోల పైచిలుకు బరువుతో దాదాపు 64 కిలోమీటర్లను 20 గంటలలో, చాలావరకు ఒంటరిగా, పటం చూసుకుంటూ పూర్తిచేయాలి. ఆపైన అడవి దశ, ఆయుధాల శిక్షణ, శత్రువు చేతికి చిక్కకుండా తప్పించుకునే అభ్యాసం ఉంటాయి. చివరికి మిగిలేది పదిమందిలో ఒకరని సాధారణంగా చెబుతారు.

ఇందులో ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, ఆ కొండల మీద శిక్షకులు అరవరు. అభ్యర్థిని తిట్టరు, మెచ్చుకోరు, వేగంగా నడుస్తున్నావో వెనకబడుతున్నావో కూడా చెప్పరు. చేరవలసిన తరువాతి స్థలం చెప్పి పంపేస్తారు. ఎవరూ తరమకపోయినా, ఎవరూ చూడకపోయినా నడిచే మనిషి ఎవరో తేల్చుకోవడమే వారికి కావాలి. పొగమంచులో ఒక మనిషి మాటామంతీ లేకుండా ఇరవై గంటలు నడుస్తుంటే టెలివిజన్ దానిని ఏమని చూపించగలదు? అందుకని కార్యక్రమం తీసేవారు కొత్త సిపాయిల ప్రాథమిక శిక్షణ నుంచి అరుపులను, పారాచూట్ రెజిమెంట్ నుంచి ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి 60 సెకన్ల పాటు ముఖాలపై గుద్దుకోమనే పరీక్షను, ప్రత్యేక దళాల నుంచి ఖైదీగా పట్టుబడినప్పటి అభ్యాసాన్ని విడివిడిగా ఏరి తెచ్చి, వారం పది రోజులలో కుక్కి పెడతారు. ముక్కలన్నీ అసలువే, కూర్పు మాత్రం టెలివిజన్‌ది.

మరొక తేడా పర్యవసానంలో ఉంది. సైన్యం పెట్టే కష్టం ఏళ్ల తరబడి చేయవలసిన ఒక ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడానికి. ఇక్కడ పరీక్ష నెగ్గినవారికి మర్నాడు చేయవలసిన పని ఏదీ లేదు; ఆ కష్టం నుంచి పుట్టేది ఎపిసోడ్ మాత్రమే. అసలు ఎంపికలో ప్రమాదం కూడా అసలుదే. 2013 జూలైలో తీవ్రమైన ఎండలో బ్రెకన్ బీకన్స్‌లో జరిగిన నడకలో కుప్పకూలి ముగ్గురు రిజర్వు సైనికులు మరణించారు. నిర్లక్ష్యం వారి మరణాలకు దోహదం చేసిందని 2015లో విచారణాధికారి తేల్చారు. అమెరికాలో సీల్ అభ్యర్థులు ఎదుర్కొనే 'హెల్ వీక్' ఐదున్నర రోజులు సాగుతుంది, మొత్తం మీద దొరికే నిద్ర నాలుగు గంటలకు మించదు. 2022 ఫిబ్రవరిలో ఒక అభ్యర్థి అది పూర్తిచేసిన కొన్ని గంటలకే న్యుమోనియాతో చనిపోయాడు. కెమెరా వెనుక వైద్యులు, మానసిక నిపుణులు, తాళ్లు బిగించే సాంకేతిక సిబ్బంది ఉండే కార్యక్రమంలో ఆ స్థాయి ప్రమాదాన్ని ఎవరూ అనుమతించరు, అనుమతించకూడదు కూడా.

ప్రశ్న: కండలు తిరిగిన క్రీడాకారులే ఇంటిదారి పట్టడం, మామూలుగా కనిపించే వ్యక్తులు చివరిదాకా నిలవడం చూశాను. ఇది ముందే రాసిపెట్టుకున్న కథ కాదా? (ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు)

జవాబు: అలా అనుమానించనక్కరలేదు. అమెరికా కార్యక్రమం తొలి సీజన్ జోర్డాన్ ఎడారిలో జరిగింది. పదహారు మంది పాల్గొంటే బాస్కెట్‌బాల్ దిగ్గజం డ్వైట్ హోవర్డ్, బేస్‌బాల్ ఆటగాడు మైక్ పియాజా వంటివారు చివరికి చేరలేదు. నెగ్గినవారు ఇద్దరే, ఇద్దరూ మహిళలే. వారిలో కార్లీ లాయిడ్ 2015 ప్రపంచ కప్ ఫైనల్లో మూడు గోల్స్ చేసిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి కాగా, హన్నా బ్రౌన్ వధూవరులను వెతికే తరహా రియాలిటీ షో ద్వారా పేరు తెచ్చుకున్న యువతి. పెద్ద శరీరానికి బలం ఎక్కువే గాని, ఆ బరువును కొండ ఎక్కించవలసింది, తాడు మీద వేలాడదీయవలసింది కూడా అదే శరీరం. పైగా వృత్తి క్రీడాకారుల సాధనలో ఆహారం, విశ్రాంతి, ముగింపు సమయం అన్నీ ముందే తెలిసి ఉంటాయి. ఎంత దూరం మిగిలిందో తెలిసినప్పుడు శరీరం తన శక్తిని దానికి తగినట్టు పొదుపు చేసుకుంటుంది. గమ్యం ఎక్కడో చెప్పకుండా పరుగెత్తిస్తే ఆ పొదుపు లెక్క తప్పిపోతుంది, అలవాటైన సాధనే అడ్డుపడుతుంది. దెబ్బలు తగిలి వైద్యుల సలహాపై తప్పుకునేవారూ ఉంటారు. అలాగని క్రీడాకారులు ఓడిపోతారని సూత్రం కట్టడానికి వీలులేదు. బ్రిటన్‌లో 2019 నాటి తొలి ప్రముఖుల సిరీస్‌లో చివరిదాకా నిలిచింది మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు వేన్ బ్రిడ్జ్.

స్త్రీ పురుషులకు ఒకే పరీక్షలు పెట్టడం గురించి కూడా మీరు ఉత్తరం చివర అడిగారు. బ్రిటన్ 2018 అక్టోబరులో ప్రత్యేక దళాలతో సహా సైన్యంలోని అన్ని పోరాట బాధ్యతలకు మహిళలు దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటించింది. 2019 జనవరిలో వచ్చిన సామాన్యుల సిరీస్‌లో తొలిసారి మహిళలు పాల్గొన్నారు. టెలివిజన్ ఈ విషయంలో సైన్యం వెనుకే నడిచింది.

ప్రశ్న: పాల్గొన్న ప్రతివారూ చివర్లో కన్నీళ్లతో 'ఇది నా జీవితాన్ని మార్చేసింది' అంటారు. వారం రోజులలో మనిషి అంతగా మారతాడా? (ఒక గృహిణి)

జవాబు: ఆ కన్నీళ్లు అబద్ధమని మేము అనము. ఆ మాటను మాత్రం కొంత తగ్గించి వినవలసి ఉంటుంది. 1959లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చా బృందంలో చేరదలచిన విద్యార్థినులలో కొందరికి ప్రవేశానికి ముందు ఎంతో ఇబ్బంది కలిగించే పరీక్ష పెట్టారు, కొందరికి తేలికపాటిది పెట్టారు, మరికొందరిని ఏ పరీక్షా లేకుండా చేర్చుకున్నారు. తరువాత అందరికీ కావాలనే చప్పగా, విసుగు పుట్టేలా తయారుచేసిన ఒకే చర్చను వినిపించారు. కష్టమైన పరీక్ష దాటివచ్చినవారికే ఆ చర్చ ఎక్కువ ఆసక్తికరంగా తోచింది. అంత అవస్థ పడి సాధించినది విలువలేనిదని ఒప్పుకోవడం మనసుకు ఇష్టం ఉండదు కనుక, పడ్డ శ్రమకు తగిన విలువను మనసే కల్పించుకుంటుంది. సైన్యాలు, మఠాలు, విద్యార్థి సంఘాలు ఈ సంగతిని ఏ ప్రయోగమూ లేకుండానే ఎప్పటి నుంచో వాడుకుంటున్నాయి.

ప్రముఖుల విషయంలో దీనికి మరొకటి తోడవుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ ఎదురు చెప్పని మనిషికి, తన పేరు పలకగానే పనులు జరిగిపోయే మనిషికి, ఉన్నట్టుండి ఫోను, పేరు, అద్దం, తలుపున్న మరుగుదొడ్డి అన్నీ పోయి ఒక అంకె మాత్రమే మిగులుతుంది. పక్కన బూట్లు తుడుస్తున్న మనిషి తన నుంచి ఏమీ ఆశించడు. అది కొందరికి నిజంగానే ఊరటగా ఉంటుందని నమ్మడానికి మాకు అభ్యంతరం లేదు. కాని ఆ మాట వారు అనేది నిద్రలేమితో, ఆకలితో, భావోద్వేగాలు అదుపు తప్పి ఉన్న సమయంలో, కెమెరా ఎదుట. మార్పు నిలిచిందో లేదో చూడటానికి ఏడాది తరువాత మళ్లీ వెళ్లే కెమెరా లేదు.

ప్రశ్న: ముఖానికి ముసుగు వేసి, చెవులు హోరెత్తే శబ్దం వినిపిస్తూ, గోడకు ఆనించి నిలబెట్టి ప్రశ్నించే భాగాన్ని చూడలేకపోయాను. వినోదం పేరుతో దీన్ని అనుమతించవచ్చా? (ఒక న్యాయవాది)

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నింటిలో బరువైనది ఇదే. వృత్తి రీత్యా మీకు తెలిసి ఉండవచ్చు గాని, మిగిలిన పాఠకుల కోసం ఆ పద్ధతుల చరిత్రను కొంత చెప్పవలసి ఉంది.

ఉత్తర ఐర్లండ్‌లో 1971లో విచారణ లేకుండా నిర్బంధించినవారిలో పద్నాలుగు మందిపై బ్రిటిష్ అధికారులు ఐదు పద్ధతులను కలిపి ప్రయోగించారు: గోడకు చేతులు ఆనించి గంటల తరబడి నిలబెట్టడం, తలపై ముసుగు, ఎడతెగని హోరు, నిద్ర లేకుండా చేయడం, అన్నపానీయాలు తగ్గించడం. దీనిపై అలజడి రేగడంతో 1972 మార్చిలో ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ఇకపై ప్రశ్నించడానికి ఈ పద్ధతులను వాడబోమని పార్లమెంటులో ప్రకటించారు. 1978 జనవరిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఇవి అమానుషమైనవి, కించపరిచేవి అని తీర్పు చెప్పింది, కాని చిత్రహింస అనే స్థాయికి చేరలేదని అంది. ఆ చివరి మాటపై వివాదం ఇప్పటికీ సాగుతూనే ఉంది. నిషేధం కాగితం మీద ఉండగానే 2003 సెప్టెంబరులో ఇరాక్‌లోని బస్రాలో బ్రిటిష్ సైన్యం నిర్బంధంలో ఒక హోటల్ ఉద్యోగి మరణించాడు. అతని ఒంటిపై 93 గాయాలు కనిపించాయి. నిషిద్ధమైన పద్ధతులను అక్కడ వాడారని 2011లో వెలువడిన బహిరంగ విచారణ నివేదిక తీవ్రంగా తప్పుపట్టింది.

మరి సైనిక శిక్షణలో ఇవి ఎందుకు ఉన్నాయి? శత్రువు చేతికి చిక్కిన సైనికుడికి ఇలాంటివి ఎదురైతే తట్టుకోవడానికి. అంటే వాటిని ప్రయోగించడం నేర్పడానికి కాదు, భరించడం నేర్పడానికి. అయితే ఆ రెండింటి మధ్య గోడ పలచనిదని చరిత్రలో రుజువైంది. 2001 తరువాత అమెరికా తన ఖైదీలపై వాడిన కఠిన విచారణ పద్ధతులు, తన సైనికులకు తట్టుకోవడం నేర్పే శిక్షణ నుంచే పుట్టుకొచ్చాయని 2008లో సెనేట్ సాయుధ దళాల కమిటీ తేల్చింది.

ఇంత చరిత్ర ఉన్న ముసుగును కార్యక్రమం సామగ్రి సంచిలోంచి ఒక వస్తువులా తీసి వాడుతుంది. పాల్గొనేవారు ఇష్టపడి వచ్చారు, ఒక్క మాటతో ఆపించగలరు, పక్కనే వైద్యుడు ఉన్నాడు. కనుక వారికి జరుగుతున్నది హింస అని మేము అనము. ఆపమనే హక్కు ఉండటమే ఇక్కడ అసలు గీత, ఆ గీతకు అటువైపున ఉన్న ఖైదీకి ఆ హక్కు లేదు. మా అభ్యంతరం ప్రేక్షకుడి వైపు నుంచి. ముసుగు వేసుకున్న మనిషిని పదే పదే పోటీదారుగా చూసిన కంటికి, రేపు వార్తలలో అదే ముసుగు కనిపించినప్పుడు అది ఒక పరీక్షలా, కావాలంటే ఆగిపోయే ఆటలా తోచే ప్రమాదం ఉంది.

దీనితో కలిపి చెప్పవలసినది మరొకటి ఉంది. శిక్షకులు ఒక్కొక్కరిని రాత్రివేళ ముసుగు వేసి చిన్న గదిలోకి తీసుకువచ్చి, ముసుగు తీసి, బల్లకు ఎదురుగా కూర్చోబెట్టి, తల్లి మరణం గురించో విడాకుల గురించో పాత అపకీర్తి గురించో అడుగుతారు. అలసి ఉన్న మనిషి చెప్పేస్తాడు. కార్యక్రమంలో సైన్యానికి అతి దూరంగా, టెలివిజన్‌కు అతి దగ్గరగా ఉన్న చోటు ఆ గది. సైనికుడికి నేర్పేది ఏమీ చెప్పకుండా ఉండటం. ఇక్కడ మెప్పు పొందేది అంతా చెప్పేసిన వ్యక్తి.

ప్రశ్న: ఇంత కష్టానికి బహుమతి ఎంత? ఎందుకు వస్తారు వీళ్లంతా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: అమెరికా కార్యక్రమంలో బహుమతి సొమ్ము లేదు, ప్రేక్షకుల ఓట్లు కూడా లేవు. పాల్గొన్నందుకు పారితోషికం ఉంటుంది, అది మనిషిని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2019 నాటి తొలి ప్రముఖుల సిరీస్‌ను క్యాన్సర్ పరిశోధన కోసం విరాళాలు సేకరించే కార్యక్రమంతో ముడిపెట్టారు. కొందరికి డబ్బు కంటె ప్రతిష్ఠ ముఖ్యం. 2017లో అమెరికా అధ్యక్ష భవనంలో సమాచార విభాగం అధిపతిగా కొద్దిరోజులే పనిచేసి పదవి పోగొట్టుకున్న ఆంటొనీ స్కారముచ్చి తొలి అమెరికా సీజన్‌లో ఉన్నారు. కోవిడ్ దూరం పాటించే నియమాన్ని తానే ఉల్లంఘించి 2021లో బ్రిటన్ ఆరోగ్య మంత్రి పదవికి రాజీనామా చేసిన మాట్ హాంకాక్ 2023లో బ్రిటిష్ కార్యక్రమంలో కనిపించారు. శాసనసభలో ఎదుర్కొనే ప్రశ్నల కంటె బురదలో పడి లేవడం జనం మనసు గెలవడానికి దగ్గరి దారి అని రాజకీయ నాయకులు అనుకుంటే వారిని తప్పుపట్టడం కష్టం. తప్పు ఆ దారిని అంత సులువుగా తెరిచిపెట్టినవారిది.

ప్రశ్న: ఇటువంటి కార్యక్రమాలు యుద్ధాన్ని ఆటగా మారుస్తున్నాయని మా మిత్రబృందంలో వాదన జరిగింది. సైనికుల మీద గౌరవం పెంచుతాయని మరికొందరు అన్నారు. మీ అభిప్రాయం? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: ఈ వాదన మీ మిత్రబృందం కంటె ముందే చాలా పెద్దల మధ్య జరిగింది. 2012 ఆగస్టులో అమెరికాలోని ఎన్‌బీసీ ఛానెల్ 'స్టార్స్ ఎర్న్ స్ట్రైప్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. నాటో దళాలకు ఐరోపాలో సర్వసేనానిగా పనిచేసిన జనరల్ వెస్లీ క్లార్క్ దానికి వ్యాఖ్యాతలలో ఒకరు. ప్రముఖులు సైనిక నిపుణులతో జతకట్టి, నిజమైన తూటాలతో, సైనిక చర్యలను పోలిన పరీక్షలు చేసేవారు. గెలుచుకున్న సొమ్ము సైనికుల కోసం పనిచేసే సేవాసంస్థలకు వెళ్లేది. డెస్మండ్ టూటూ, జోడీ విలియమ్స్ సహా తొమ్మిది మంది నోబెల్ శాంతి బహుమతి గ్రహీతలు దానిని నిలిపివేయాలని బహిరంగ లేఖ రాశారు. యుద్ధం వినోదం కాదని, దానిని క్రీడా పోటీలా చూపడం తగదని వారి వాదన. ఛానెల్ మాత్రం ఇది సైనికులను గౌరవించడానికేనని అంది. ఆ కార్యక్రమం రెండో సీజన్‌కు రాలేదు.

ఇప్పటి కార్యక్రమాలు ఆ విమర్శ నుంచి తెలివిగా పక్కకు తప్పుకున్నాయి. వీటిలో తుపాకీ పేల్చడం తక్కువ, శత్రువు లేడు, యుద్ధం ప్రసక్తి దాదాపు రాదు. పోరాటం అంతా మనిషికి అతని భయంతోనే. అందువల్ల చూడటం తేలికైంది, కాని మా దృష్టిలో చిక్కు మరింత పెరిగింది. ప్రత్యేక దళాల పేరు, వారి నినాదం, వారి కఠినత్వం తెచ్చుకుని, ఆ కఠినత్వం దేనికోసమో ఆ ఒక్క సంగతిని వదిలేస్తే, మిగిలేది ఆత్మవిశ్వాస శిబిరం. 'ఎస్‌ఏఎస్ ఆస్ట్రేలియా' 2020 అక్టోబరులో మొదలైంది. మరుసటి నెలలోనే ఆ దేశపు ప్రత్యేక దళాలపై జరిగిన బ్రెరెటన్ విచారణ నివేదిక వెలువడింది. అఫ్గానిస్తాన్‌లో 39 మందిని చట్టవిరుద్ధంగా చంపారనడానికి విశ్వసనీయమైన సమాచారం ఉందని అందులో ఉంది. బ్రిటన్‌లోనూ అఫ్గానిస్తాన్‌లో ప్రత్యేక దళాల చర్యలపై న్యాయమూర్తి ఆధ్వర్యంలో బహిరంగ విచారణను 2022 డిసెంబరులో ప్రకటించారు. ఆ దళాల గురించి సామాన్య ప్రేక్షకుడికి అందే చిత్రం మాత్రం తెరమీద ఉత్సాహపరిచే, అవసరమైతే భుజం తట్టే శిక్షకుడిదే. గౌరవం పెరుగుతుందన్న మీ మిత్రుల మాట కాదనము. ఆ గౌరవం పెరిగేది ప్రశ్నించవలసిన సంస్థ మీద అని మాత్రం గుర్తుచేస్తాము.

దక్షిణ కొరియా పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ యువకులకు సైనిక సేవ నిర్బంధం. 2013లో ఎంబీసీ ఛానెల్ మొదలుపెట్టిన 'రియల్ మెన్'లో ప్రముఖులు నిజమైన పటాలాలతో, నిజమైన సిపాయిల మధ్య గడిపేవారు. చూసేవారిలో ప్రతి ఇంటికీ అది తెలిసిన జీవితమే కాబట్టి, నవ్వు ఎక్కడ పుడుతుందో, అతిశయోక్తి ఎక్కడుందో వారికి వేరే చెప్పనక్కరలేదు. అదే దేశంలో 2020లో యూట్యూబ్‌లో వచ్చిన మరో కార్యక్రమంలో శిక్షణ శ్రుతిమించిందని, పాల్గొనేవారిని వేధిస్తున్నారని విమర్శలు చెలరేగాయి. సైన్యాన్ని దగ్గరగా ఎరిగిన ప్రేక్షకులే ముందుగా గీత ఎక్కడ దాటిందో చెప్పారన్నది గమనించదగినది.

ప్రశ్న: పదహారేళ్ల మా అబ్బాయి ఈ షోలు చూసి ఐసు నీళ్లలో కూర్చోవడం, పుస్తకాలు నింపిన సంచి వేసుకుని మండుటెండలో పరుగెత్తడం, నీళ్లలో ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాడు. వద్దంటే పిరికిదానినని నవ్వుతున్నాడు. ఎలా చెప్పాలి? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, వద్దని చెప్పడం కంటె, తెరమీద కోతకు గురయ్యే భాగాన్ని చెప్పడం మేలు. ప్రతి పరీక్షకు ముందు వైద్య పరీక్షలు, తరువాత వేడినిచ్చే ఏర్పాట్లు, నీళ్లలోకి దూకే ప్రతిచోటా అందుకోవడానికి సిద్ధంగా ఉన్న ఈతగాళ్లు ఉంటారు. వారిని చూపిస్తే ఉత్కంఠ చెడుతుంది కనుక చూపరు.

మూడింటిలోకీ అత్యంత ప్రమాదకరమైనది మీరు చివర రాసినదే. నీళ్లలో ఎక్కువసేపు ఉండాలని ముందుగా గబగబా గాఢంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ పుట్టించేది ప్రధానంగా ఆ వాయువే. అది తగ్గితే, ప్రాణవాయువు అడుగంటినా శరీరం హెచ్చరించదు; మనిషి ఏ బాధా తెలియకుండానే నీటి అడుగున స్పృహ తప్పుతాడు. బాగా ఈత వచ్చినవారు, లోతులేని కొలనులలో కూడా ఇలాగే పోయారు. దీన్ని మాత్రం ఏ షరతు మీదా అనుమతించకండి, పక్కన మనిషి ఉన్నా సరే.

చన్నీళ్ల సంగతికి వస్తే, 15 డిగ్రీల సెల్సియస్ కంటె చల్లని నీళ్లలోకి ఒక్కసారిగా దిగినప్పుడు మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి, గుండె వేగం, రక్తపోటు ఎగబాకుతాయి. బయటికి తెలియని గుండె లోపం ఉన్నవారికి ఇదే ముప్పు. తరువాతి పది నిమిషాలలో చేతులు, కాళ్లు మొద్దుబారి బయటికి రావడమే కష్టమవుతుంది. శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటె దిగితే అల్పోష్ణ స్థితి మొదలవుతుంది. మాట తడబడటం, వణుకు ఆగిపోవడం దాని తీవ్రతకు గుర్తులు. వణుకు ఆగింది కదా అని పిల్లలు అలవాటు పడ్డామనుకుంటారు.

బరువుతో పరుగు అతనికి అంతగా ఇష్టమైతే, ఎండ లేని వేళకు మార్చి, నడకతో మొదలుపెట్టి, బరువును వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచమనండి. సైన్యం కూడా అలాగే పెంచుతుంది. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, తికమకగా మాట్లాడుతూ, అడుగులు తూలితే అది వడదెబ్బ. ఆ క్షణమే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అలవాటు లేని తీవ్ర శ్రమ తరువాత ఒకటి రెండు రోజులకు కండరాలు విపరీతంగా నొప్పిపెట్టి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే, కండరం చిట్లి అందులోని పదార్థం మూత్రపిండాలకు చేరుతోందని అర్థం. అప్పుడు నీళ్లు తాగి పడుకుంటే సరిపోదు, అదే రోజు వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించాలి.